జపాన్ చుట్లు

బాపట్లలో బండి కదిలినప్పటి నుంచి పార్వతి కిటికీలోంచి బయటికే చూస్తోంది. పక్కన కూర్చున్న మనిషి ఆమె మొగుడంటే పెట్టెలో ఎవరూ నమ్మరు, అంత ఎడంగా కూర్చుంది. బసవలింగం ఇప్పటికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. వేరుశెనక్కాయలు కొని పొట్లం ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టాడు. ఆమె దాని వంక కూడా చూడలేదు. తిను, నువ్వే తిను, దేవుడు నీకు నోరిచ్చింది వేరుశెనక్కాయలు తినడానికేగా, చెప్పాల్సిన మాట చెప్పడానికి కాదుగా. పైకి మీరు అనే అంటుంది గానీ లోపల ముప్ఫై ఒక్కేళ్ళ నుంచీ నువ్వు అనే అంటోంది, ఆ సంగతి ఆయనకి తెలీదు. తెనాలి ఇంకో గంట. ఈ గంటలో ఒక్క ముక్క మాట్లాడకూడదని ప్లాట్‌ఫారం మీదే ఒట్టు పెట్టుకుంది. ఎదురు సీట్లో ఎండుచేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్న ఒకామె ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, ఏదో అర్థమైనట్టు తల తిప్పుకుంది. తల తిప్పుకోవడం కూడా తెలిసిన మనిషి. కొందరికి అదీ తెలీదు, కాఫీ కప్పులోకి చూస్తారు.

అదీ ఆమె కోపం, ఆ కాఫీ కప్పు. గంట క్రితం, బాపట్లలో పళ్ళ డాక్టరు ఫణీంద్ర ఇంటి హాల్లో, మెత్తటి సోఫాలో, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని కప్పులోకి చూశాడు. ఎదురుగా బల్ల మీద డాక్టరు గారి వాల్వు యాంప్లిఫయర్ వెలుగుతోంది. ముందు నాలుగు గాజు వాల్వులు, వాటి వెనక నల్ల రంగు వేసిన రెండు ఇనప డబ్బాలు. ఆ డబ్బాల్లో ఉన్న రాగి తీగ ప్రతి చుట్టూ పార్వతి వేళ్ళ మధ్య నుంచి వెళ్ళిందే. డాక్టరు కళ్ళు మూసుకుని వయొలిన్ వింటున్నాడు. ఆయన స్నేహితుడు సుబ్బారావు, రిటైరైన లెక్చరరు, మోకాలి మీద తాళం వేస్తున్నాడు. వాయిద్యం ఆగాక డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, లేనిది చెప్పకూడదు. లేచి వెళ్ళి ఆ నల్ల డబ్బా మీద చెయ్యి వేసి, "చూశారా మాస్టారూ, కిటుకంతా ఈ ట్రాన్స్‌ఫార్మర్లలోనే ఉంది. జపాన్ వాళ్ళ చేతిపని అంటే ఇదండీ! మనవాళ్ళకి ఆ ఓపిక ఎక్కడిది?" అన్నాడు. పార్వతి వెంటనే మొగుడి వంక చూసింది. ఇప్పుడు చెప్తాడు. ఇదే సమయం, ఇంతకంటే మంచి సమయం ఇంకోటి రాదు, గొంతు సవరించుకున్నాడు కూడా, ఇదిగో చెప్తున్నాడు. కాఫీ ఒక గుక్క తాగాడు. మళ్ళీ కప్పులోకి చూశాడు. ఇంతలో డాక్టరు గారి భార్య శ్రావణి వచ్చి, "మీకు బోరు కొడుతున్నట్టుంది పిన్నిగారూ, లోపలికి రండి, టీవీ పెడతాను" అంది. పాపం ఆ పిల్ల తప్పేముంది, ముఖం చూసి అలా అనుకుంది. బోరట! పదకొండు రోజుల పాటు వెంట్రుకలాంటి తీగ తెగకుండా చుట్టిన మనిషికి, ఆ తీగ మొదటిసారి సరిగ్గా పాడుతుంటే బోరట! మనవాళ్ళకి ఓపిక లేదట! ఆ జపాన్ వాళ్ళెవరో, వాళ్ళ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి, వాళ్ళ మీద ఆమెకేం కోపం లేదు. కానీ వాళ్ళు ఎప్పుడు వచ్చారు తెనాలి?

అప్పికట్ల దాటింది. వరి పచ్చగా ఒరిగి ఉంది, ఎవడో గట్టు మీద మందు డబ్బా వీపున వేసుకుని నిలబడి బండి వంక చూస్తున్నాడు. ఆ జపాన్ అబద్ధం పుట్టినప్పుడు తనెక్కడుంది? అక్కడే ఉంది, నాలుగడుగుల దూరంలో, తెనాల్లో తమ రిపేరు కొట్లో తెర వెనక. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతుంది. డాక్టరు ఆ యాంప్లిఫయర్ కిట్టు ఎక్కడో విదేశం నుంచి తెప్పించుకున్నాడు, భాగాలన్నీ విడివిడిగా వస్తాయి, పుస్తకం చూసి మనమే అతుక్కోవాలి. పళ్ళకి తీగ కట్టేవాణ్ణి దీనికి కట్టలేనా అనుకున్నాడు కాబోలు. అతికాడు కూడా, టంకాలు శుభ్రంగా ఉన్నాయని బసవలింగమే ఒప్పుకున్నాడు. కానీ స్పీకర్లు ఇంకా రాలేదు. వాల్వులు వెలిగితే ఎలా ఉంటాయో చూద్దామని స్పీకర్లు తగిలించకుండానే ఆన్ చేసి, పాట పెట్టి, గదిలో లైట్లు ఆర్పి, ఫోన్లో వీడియో తీసుకుంటూ కూర్చున్నాడట. వాల్వు సెట్టుకి స్పీకరు లేకపోతే ఆ కరెంటు ఎటు పోతుంది? స్పీకర్లకి పాటనందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ మాడి మసైపోయాయి. వీడియోలో పొగ బాగా వచ్చింది, చూపించాడు కూడా. అలాంటి మహానుభావుడు కొట్లోకి వచ్చి ఏమన్నాడు? "లోకల్ వైండింగ్ మాత్రం వద్దండి బసవలింగం గారూ. ఇదేమన్నా బోరు మోటారా?" అన్నాడు.

ఆ మాట తెర వెనక పార్వతి విన్నది. అప్పుడు రేపల్లె వరప్రసాదం గారి మైకుసెట్టు ట్రాన్స్‌ఫార్మరు ఒకటి చుడుతోంది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పిలిచినా ఆమె అంకెతోనే పలుకుతుంది. మిషనుకి మీటరు ఉంది గానీ అది వందకి ఒకటి మింగుతుంది, అందుకని లెక్కంతా నోటితోనే. పోస్టుమాను వచ్చి సంతకం అడిగినా, పాలాయన గిన్నె అడిగినా, "నాలుగొందల పదహారు" అంటుంది, వాళ్ళు గుమ్మంలో నిలబడి ఆగుతారు, వీధిలో అందరికీ అలవాటే. ఆ రోజు పదహారొందల నలభై మీద ఉంది. బసవలింగం గొంతు వినపడింది. లోకల్‌వి కాదండి, జపాన్‌వి ఒక జత ఉన్నాయి, నా పాత స్నేహితుడి దగ్గర ఊరికే పడున్నాయి, వాటికేం ఇవ్వక్కర్లేదు, బిగించినందుకు నా కూలీ ఇస్తే చాలు. పదహారొందల నలభై ఒకటి. అబద్ధం అని అరవాలనిపించింది. అరిస్తే అంకె పోతుంది, అంకె పోతే మొత్తం విప్పి మళ్ళీ మొదటి నుంచి చుట్టాలి. పదహారొందల నలభై రెండు. వరప్రసాదం గారికి మర్నాటికల్లా ఇస్తానని మాటిచ్చింది. పదహారొందల నలభై మూడు. అంకెలు పళ్ళ మధ్య నూరుతూ చుట్టింది, చుట్లు మాత్రం ఒకదాని పక్కన ఒకటి, ఇంత సందు కూడా లేకుండా పడ్డాయి, కోపమొచ్చినా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. రెండు వేల నాలుగొందలకి చేరి, కొస కట్టి, తెర తీసుకుని వచ్చేసరికి డాక్టరు గారి కారు కాలవ వంతెన దాటిపోయింది. మొగుడి మీద కోపం సరే, అది మామూలే. తన మీద తనకొచ్చిన కోపం ఎవరితో చెప్పుకుంటుంది? పరాయివాడి మైకుసెట్టు లెక్క తప్పకూడదని తన పేరు పోతుంటే నోరు మూసుకున్న పిచ్చిది ఈ భూమ్మీద ఇంకెవరన్నా ఉంటారా?

ఆ సాయంత్రం గిన్నెలు మోగాయి. కంచం ముందు కూర్చున్న బసవలింగం మెల్లగా చెప్పాడు. "ముందే చెబితే ఆయన చెవులు మూసుకుని వింటాడే. ఆడమనిషి చుట్టింది, అదీ తెనాల్లో అంటే, ఎంత బాగున్నా బాలేదనే అంటాడు. ముందు విననీ. విన్నాక నేనే చెప్తాగా. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్తా." అందులో న్యాయం కనపడింది. అదే ఆమె చేసిన తప్పు, న్యాయం కనపడితే చాలు మెత్తబడిపోతుంది. కూలీ లేదు, పేరు ఆ తర్వాత వస్తుందట, అయినా చుట్టింది. పదకొండు రోజులు, పొద్దున తొమ్మిదింటి నుంచి వెలుగున్నంత సేపు. తీగ ఒక పొర, పైన పల్చటి కాగితం, మళ్ళీ తీగ, మళ్ళీ కాగితం, సన్నది కొంత, లావుది కొంత, ఒకదాని మీద ఒకటి. గట్టిగా లాగితే తెగుతుంది, వదులుగా వదిలితే లోపల కదిలి పాటలో గరగర వస్తుంది. ఆ మధ్య పట్టు వేళ్ళకే తెలియాలి, పుస్తకంలో ఉండదు.

ఆ వేళ్ళు ఎక్కడివి? చీరాల వైపు వేటపాలెంలో, ఆరేళ్ళప్పుడు, అమ్మ పక్కన రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుట్టిన వేళ్ళు. నూలు గట్టిగా లాగితే తెగేది, వదులైతే నాన్న మగ్గం మీద చిక్కుపడేది, అప్పుడు నాన్న అరిచేవాడు. అరవకపోతే బాగా చుట్టినట్టు, మెచ్చుకోలు ఏదన్నా ఉంటే ఆ అరవకపోవడమే. ఒకసారి నేత సొసైటీలో నాన్నకి శాలువా కప్పారు, ఎర్ర అంచు తెల్లచీర నేసినందుకు. ఆ చీరకి నూలు మేకులకి తిప్పి ఆసు పోసింది అమ్మ, కండెలు చుట్టింది అమ్మా తనూ. ఫొటోలో నాన్న, సొసైటీ ప్రెసిడెంటు, చీర. ఆ రోజు కూడా అమ్మ కండెలే చుడుతోంది. అదేంటమ్మా నువ్వు రావా అంటే, "మనం చుట్టకపోతే మగ్గం ఆడుద్దా? మనకి తెలుసుగా. చాల్లే" అంది. పదకొండేళ్ళ పిల్లకి అప్పుడే తెలుసు, చాలదని. చాలదమ్మా. నీకు చాలిందేమో, లేక చాలిందని నీకు నువ్వు చెప్పుకున్నావేమో. చాలదు.

నిడుబ్రోలు. చాలామంది దిగారు, కొందరెక్కారు, ఎండుచేపల ఆమె గంప ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. వేరుశెనక్కాయల పొట్లం అలాగే ఉంది, బసవలింగం ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ముట్టుకోకు, నాకేం, జాలి చూపిస్తాననుకుంటున్నావా? ఆయన చెడ్డవాడు కాదు, అదే చికాకు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. పెళ్ళయిన కొత్తలో కొట్లో వైండింగ్ చేసే పున్నారావు ఉన్నట్టుండి మానేస్తే, సగం చుట్టిన ఫ్యాను అలా పడి ఉంటే, తను ఊరికే చేసి చూసింది. ఆ ఫ్యాను తిరిగింది. బసవలింగం దాని కిందే నిలబడి పైకి చూస్తూ, నీ చేతిలో ఏదో ఉందే, అన్నాడు. ఆ తర్వాత లెక్కలన్నీ కూర్చోబెట్టి నేర్పాడు, ఏదీ దాచుకోలేదు. వేళ్ళు కోసుకుపోతే కొబ్బరినూనె రాసేది కూడా ఆయనే. ఇంట్లో అంతా చెప్తాడు. గుమ్మం దాటితే నోరు పెగలదు. ఎవరన్నా నవ్వుతారేమోనని భయం. ఈ మెకానిక్కు ఆడదాని పని మీద బతుకుతున్నాడంటారేమోనని భయం. కొట్టు మీద బోర్డు ఆయన పేరుతో ఉంది, ఉండనీ, ఫ్యాన్లకీ బోరు మోటార్లకీ ఆమె ఏనాడూ అడగలేదు. ఫ్యాను తిరగడానికి చుట్టినవి వేరు. ఇవి వినడానికి చుట్టింది.

ఆ స్పీకర్ల సంగతి మాత్రం! డాక్టరు ముందు కొన్నవి నడుము ఎత్తున సన్నగా, అద్దంలా మెరిసేవి. సెట్టు బిగించి వాటికి తగిలిస్తే పక్కింట్లో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వచ్చింది. డాక్టరు ముఖం మాడ్చుకున్నాడు, తప్పు సెట్టులో ఉందనేశాడు. అప్పుడు బసవలింగం ఇంటికొచ్చి తల పట్టుకుంటే, తప్పు సెట్టుది కాదు, అది ఇచ్చేది ఎనిమిది వాట్లు, ఆ సన్నటివి కదలాలంటే ఎనభై కావాలి, కొంచెం ఊదితే కదిలే పెద్ద కాగితం డొప్ప స్పీకర్లు కావాలి అని చెప్పిందెవరు? రేపల్లెలో వరప్రసాదం గారి గోడౌన్‌లో, మూసేసిన సినిమాహాలు తెర వెనక నుంచి విప్పుకొచ్చిన జత ఒకటుందని గుర్తు చేసిందెవరు? ఇద్దరూ రైలెక్కి వెళ్ళారు. దుమ్ములో బోర్లా పడున్నాయి, రోజూ అన్నం తినే కంచాలకంటే పెద్ద డొప్పలు. ఆమె నాలుగు వేళ్ళు డొప్ప అంచు మీద ఆనించి మెల్లగా నొక్కింది, దూది నొక్కినట్టు లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఇవే, అంది. వరప్రసాదం గారు ఆశ్చర్యపోయి, "చెల్లెమ్మకి బాగా తెలుసే!" అన్నాడు. ఆ ఒక్క మనిషి అన్నాడు. ఇవాళ డాక్టరు స్నేహితుడితో, "ఈ జోడీ కుదరడానికి ఇంటర్నెట్‌లో ఆరు నెలలు చదివానండీ" అని చెబుతుంటే, పోనీలే, చదివాడేమో, చదువుకున్నవాడు, అనుకుంది. అది కూడా వదిలేసింది. ఎన్ని వదిలేస్తుంది మనిషి? డబ్బాలు జపాన్ వాళ్ళవి, స్పీకర్లు ఇంటర్నెట్ వాళ్ళవి, బిగింపు బసవలింగం గారిది, చెవులు డాక్టరు గారివి. పార్వతిది టీవీ.

అన్నిటికంటే కడుపు రగిలేది ఇంకొకటుంది. ఆ వయొలిన్‌ని ఆమె వినలేదు. ఎదురుగా కూర్చుంది, చెవులున్నాయి, తను చుట్టిన తీగలోంచే వచ్చింది, జీవితంలో మొదటిసారి సరైన స్పీకర్లలో. ఇంట్లో పరీక్ష చేసినప్పుడు పగిలిపోయిన పాత డబ్బా స్పీకరే దిక్కు. ఇవాళ వినాలని నేత చీర కట్టుకుని వెళ్ళింది. మొదట్లో కమాను తీగ మీద ఆనిన చప్పుడు, వాయించేవాడు ఊపిరి పీల్చిన చప్పుడు, అంతవరకే గుర్తుంది. ఆ తర్వాతంతా ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని మొగుడి పెదాల వంక చూడటంతోనే సరిపోయింది. అది కూడా తీసేసుకున్నారు. వాళ్ళిద్దరూ కలిసి తన చేతిపనీ తీసుకున్నారు, వినడమూ తీసుకున్నారు.

చుండూరు దాటుతుండగా బసవలింగం ఫోను మోగింది. బండి మోతలో వినపడదని ఆయన స్పీకరు పెట్టాడు. డాక్టరే. గొంతు ఇంకా సంబరంలోనే ఉంది. "బసవలింగం గారూ, మా సుబ్బారావు మాస్టారు కూడా కిట్టు తెప్పించుకుంటారట. మీ స్నేహితుణ్ణి అడిగి ఆ జపాన్‌వి ఇంకో జత చూడండి, ఎంతైనా పర్లేదు."

బసవలింగం ఫోను పట్టుకుని భార్య వంక చూశాడు. ఆమె కిటికీ వైపు నుంచి తిరిగింది. ఒట్టు ఏ గట్టున పోయిందో.

"చెప్పండి. తెప్పించండి జపాన్ నుంచి. పడవెక్కి నేనే పోయి చుట్టుకొస్తా" అంది.

బసవలింగం నుదురు తుడుచుకున్నాడు. "డాక్టరు గారూ... అవి జపాన్‌వి కాదండి. మా ఇంట్లోనే చుట్టినవండి. మా ఆవిడ చుట్టింది."

డాక్టరు గొంతులో ఈసారి సంబరం లేదు. "మరి నాకు పెడతానన్న జపాన్‌వి ఏమయ్యాయండి? మార్చేశారా?"

నిజం చెబితే వచ్చిన జవాబు అది! అంతసేపు విని, కళ్ళు తుడుచుకుని, ఇప్పుడు దొంగతనం అంటగడుతున్నాడు. బసవలింగానికి తల కొట్టేసినట్టయింది, ముఖం నల్లబడిపోయింది. ఆ ముఖం చూస్తే పార్వతికి ఆయన మీదున్న కోపం పక్కకి జరగలేదు గానీ, ఇంకో కోపం వచ్చి దాని ముందు నిలబడింది. ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది.

"డాక్టరు గారూ, ఇందాక మీ ఇంట్లో బోరు కొడుతున్నట్టు కనపడ్డ మనిషిని నేనే. ఆ రెండు డబ్బాలకీ మీరు ఒక్క రూపాయి ఇవ్వలేదు, అవి నావి. రేపు సెట్టు తెనాలి తీసుకురండి, విప్పి తీసుకుంటాను. మీ జపాన్‌వి వచ్చినప్పుడు బిగించుకోండి."

"అబ్బే, అదేంటండీ, అవి బాగానే ఉన్నాయి కదా! బ్రహ్మాండంగా ఉన్నాయి కదా!"

"బాగున్నాయి కాబట్టే తీసుకుంటానంటున్నా."

ఎండుచేపల ఆమె ముక్కు మీద వేలేసుకుని ఫోను వంకే చూస్తోంది. అవతల డాక్టరు ఎవరితోనో గుసగుసలాడాడు, సుబ్బారావు గారి గొంతు కాబోలు, వదులుకోకు, వదులుకోకు అన్నట్టు వినపడింది. తర్వాత మెల్లగా అడిగాడు. "వద్దండీ, విప్పకండి. తప్పుగా అన్నాను. ఇంకో జత కూడా మీరే చుట్టాలి. ఇంతకీ మీ పేరేంటండీ, పిన్నిగారూ?"

మర్యాదకి అడిగాడో, రేపు స్నేహితులకి గొప్పగా చెప్పుకోవడానికి అడిగాడో. పార్వతి జవాబు చెప్పబోయి ఆగింది. ముప్ఫై ఒక్కేళ్ళలో బసవలింగం నలుగురిలో ఆమెను పేరుతో అన్నది లేదు. మా ఆవిడ, మా ఇంటిది, లేకపోతే ఇదిగో. ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"పేరడుగుతున్నాడు. మీరు చెప్పండి."

బసవలింగం ఒకసారి ఎండుచేపల ఆమె వంక, ఒకసారి పక్క సీట్లో కుర్రాళ్ళ వంక చూశాడు. అప్పుడే పక్క పట్టాల మీద ఎదురుగా ఇంకో బండి వచ్చి పెట్టెంతా అదిరిపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు, పై కమ్మీ పట్టుకుని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "పార్వతండీ" అన్నాడు. "పార్వతి. చుట్టింది ఆవిడే. స్పీకర్లు చెప్పింది కూడా ఆవిడే." కుర్రాళ్ళు తలెత్తి చూశారు. చెవుల దాకా ఎర్రబడిపోయి బసవలింగం కూర్చోబోయాడు.

పార్వతి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. కోపం తగ్గలేదు, తెనాలి చేరేలోపు తగ్గేలా కూడా లేదు.

"ఆ బండి మోతలో ఆయనకి వినపడుండదు," అంది, "ఇంకోసారి చెప్పండి."